శబ్దములు వినబడిన యింట ప్రార్థన మానని తల్లి: సుసన్నా వెస్లీ

చదువ భాగము: కీర్తన 91

మధ్య అండమాన్ ద్వీపపు ఉత్తర భాగమున, సముద్రపు పాయల ప్రక్కను మాయాబందర్ పట్టణమున్నది. 1925లో బర్మా దేశమునుండి కరెన్ క్రైస్తవులు ఈ ప్రాంతమునకు వచ్చి, అడవి నరికి, వెబి అను గ్రామమును కట్టుకొనిరి. ఈ దీవులకే శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి చేపల వేటకును కూలిపనికిని వెళ్లిన తెలుగు కుటుంబములు అనేకములు అచ్చటనే స్థిరపడినవి.

అడవికిని సముద్రమునకును నడుమనున్న యిండ్లలో రాత్రులు నిశ్శబ్దముగా గడువవు. ఉప్పుగాలికి మేకులు తుప్పుపట్టి పైకప్పు రేకులు కొట్టుకొనును. వానకు ఉబ్బిన చెక్క ఎండకు కుదించుకొని పెటపెటలాడును. అటకమీద ఎలుకలు పరుగెత్తును. భూమియు అప్పుడప్పుడు కంపించును. 2004 డిసెంబరు 26న భూకంపమును, ఉప్పెనను చూచినవారి గుండె చిన్న కదలికకే ఉలికిపడుట సహజము. అయినను ఎంత వెదకినను కారణము దొరకని శబ్దము ఒక్కొక్క యింట వినబడుచుండును. అప్పుడు ఇరుగుపొరుగువారు తలకొక మాట చెప్పుదురు. మంత్రగానిని పిలిపింపుమని యొకరు, గుమ్మమునకు నిమ్మకాయలు కట్టుమని యొకరు, ఇల్లు అయినకాడికి అమ్మివేసి పొమ్మని యింకొకరు సలహా యిత్తురు. ఇది దీవులలోనే కాదు. గోదావరి లంకలలోనైనను, తెలంగాణ పల్లెలలోనైనను వినబడు మాటయే.

అట్టి వేళ క్రైస్తవ కుటుంబము ఏమి చేయవలెను? మూడువందల సంవత్సరముల క్రిందట ఇంగ్లాండులో ఒక పాదిరిగారి యింట ఈ ప్రశ్నయే పుట్టెను. ఆ యింటి యిల్లాలు సుసన్నా వెస్లీ. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ అను దైవజనుల తల్లిగా ఆమెను లోకమెల్ల ఎరుగును. అయితే ఆమె యింట రెండు నెలలపాటు జరిగిన శోధనను, ఆ శోధనలో ఆమె నడచుకొనిన తీరును ఎరిగినవారు కొద్దిమందియే.

పుట్టింటి విశ్వాసము

సుసన్నా 1669 జనవరి 20న లండను నగరములో జన్మించెను. ఆమె తండ్రి డాక్టరు శామ్యూల్ ఆనెస్లీ పేరుపొందిన ప్యూరిటన్ బోధకుడు. రాజశాసనము విధించిన ఆరాధన క్రమమునకు మనస్సాక్షి ఒప్పుకొననందున 1662లో తమ సంఘములను విడిచిపెట్టిన బోధకులలో ఆయన యొకడు. ఆయన బిడ్డలలో సుసన్నా ఇరువదియైదవది. ఆ యింట పుస్తకములకును, దైవ విషయములను గూర్చిన చర్చలకును కొదువ లేకుండెను.

ఆమె పదమూడేండ్ల ప్రాయముననే ఉభయ పక్షముల వాదములను తనంతట తాను తూచి చూచుకొని, తండ్రి విడిచివచ్చిన ఇంగ్లాండు సంఘములోనే చేరుటకు నిశ్చయించుకొనెను. తండ్రికి ఆమెయందలి ప్రేమ తగ్గలేదు. ఒకరు చెప్పిరని నమ్మక, పదిమంది నమ్మిరని నమ్మక, పరీక్షించి చూచుకొని నమ్మునట్టి స్వభావము ఆమెకు చిన్ననాటనే అలవడెను. ఆ స్వభావమే తరువాతి కాలమున ఆమె యింటిని కాపాడెను.

1688లో ఆమె శామ్యూల్ వెస్లీ అను యౌవనుని వివాహమాడెను. ఆయన ఆక్స్‌ఫర్డులో చదివి, దైవ సేవకుడుగా అభిషేకము పొందినవాడు, కవి, పండితుడు, అయితే ముక్కోపి, డబ్బు లెక్క తెలియనివాడు. వారికి పందొమ్మిదిమంది పిల్లలు పుట్టిరి. వారిలో తొమ్మండుగురు పసితనముననే గతించిరి. పదిమంది మిగిలిరి, ఏడుగురు కుమార్తెలు, ముగ్గురు కుమారులు.

ఎప్‌వర్త్ కష్టములు

1697 ప్రాంతమున వెస్లీ కుటుంబము లింకన్‌షైర్ మండలములోని ఎప్‌వర్త్ గ్రామమునకు వచ్చెను. చుట్టును నదులు, బురద నేలలు ఉన్నందున ఆ ప్రదేశమునకు దీవి యనియే పేరు. అచ్చటి జనులు మొరటువారు. పాదిరిగారి కఠినమైన బోధయు, రాజకీయ పక్షపాతమును వారిలో అనేకులకు గిట్టలేదు. 1705లో సుమారు ముప్పది పౌనుల అప్పు వెంటనే తీర్చలేనందున ఆయనను లింకన్ కోట చెరసాలలో వేసిరి. ఇంటిలో ఆయన లేని సమయమున ఎవరో రాత్రివేళ పాడి ఆవులను పొడిచి గాయపరచిరి. సుసన్నా తన ఉంగరములను భర్తకు పంపి, వాటిని అమ్ముకొని తినుమని చెప్పగా ఆయన వాటిని తిరిగి పంపివేసెను.

1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి ఇల్లు తగులబడెను. ఆమె గర్భిణియై యుండియు మంటలలోనుండి నడచి బయటపడెను. ఐదేండ్ల జాన్ మేడగదిలోనే నిలిచిపోయెను. ఒకని భుజములమీద మరియొకడు నిలిచి కిటికీలోనుండి బాలుని లాగుకొనిన మరుక్షణమే పైకప్పు కూలెను. పుస్తకములు, వ్రాతలు, బట్టలు సమస్తమును బూడిదయైనవి. తరువాత పాదిరిగారు ఇటుకలతో క్రొత్త బంగళా కట్టించిరి. విచిత్రమైన శబ్దములు వినబడినది ఈ క్రొత్త బంగళాలోనే. ఇది శతాబ్దముల నాటి పాడుబడిన ఇల్లు కాదు. కట్టి ఏడెనిమిది యేండ్లయినను గడువని ఇల్లు.

భార్యాభర్తల నడుమను ఒక గాయముండెను. 1702 ప్రాంతమున కుటుంబ ప్రార్థనలో విలియం రాజు కొరకు భర్త చేసిన మనవికి సుసన్నా ఆమేన్ చెప్పలేదు. ఆయన సింహాసనమునకు నిజమైన హక్కుదారుడని ఆమె మనస్సు ఒప్పుకొనలేదు. భర్త కోపగించి, తొందరపాటుగా ఒట్టు పెట్టుకొని, ఇల్లు విడిచి లండనుకు వెళ్లిపోయెను. కొన్ని నెలల తరువాతనే వారు సమాధానపడిరి. 1703 జూన్‌లో పుట్టిన జాన్ ఆ సమాధానమునకు తరువాత కలిగిన బిడ్డ. ఈ సంగతి ఇచ్చట చెప్పుటకు కారణము ముందు తెలియును.

తల్లి బడి, వంటయింటి ఆరాధన

ఇన్ని కష్టముల నడుమను సుసన్నా తన దినమును గడియారమువలె నడిపెను. బిడ్డకు ఐదేండ్లు నిండగానే చదువు మొదలు. ఒక్క దినములో అక్షరములన్నియు నేర్పుట ఆమె పద్ధతి. ఇద్దరికి మాత్రము ఒకటిన్నర దినము పట్టెను. చదువుటకు ఆదికాండము మొదటి అధ్యాయమే మొదటి పాఠము. పొద్దున, సాయంకాలము కీర్తనలు, వాక్యము, ప్రార్థన. ఇవిగాక తన సొంత ప్రార్థనకు ఆమె వేరుగా గంటలు కేటాయించుకొనెను. పదిమంది పిల్లల యింట ఆ గంటలు ఎంత వెలగలవో తల్లులకు తెలియును.

ఒకప్పుడు పెద్ద కుమార్తె ఎమిలీ తండ్రి గదిలో ఒక పుస్తకము చూచెను. 1706లో తమిళ దేశపు తరంగంబాడికి వచ్చిన డేనిష్ మిషనెరీల పనిని గూర్చిన వృత్తాంతమది. దానిని చదివి సుసన్నా మిక్కిలి కదిలింపబడెను. తాను పురుషుడు కాదు, బోధకుడు కాదు. అయినను తన బిడ్డల ఆత్మల కొరకు ఇంకను ఎక్కువ చేయగలనని తలంచి, వారములో ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా కూర్చుండి దేవుని సంగతులు మాటలాడుట ప్రారంభించెను. జాన్‌కు గురువారము, చార్లెస్‌కు శనివారము. మన దేశపు తీరమున వెలిగిన దీపము ఆ విధముగా ఎప్‌వర్త్ యింటను వెలుగు నిచ్చెను.

ఆ కాలముననే, 1711-12 శీతకాలమున, భర్త లండనులో నుండగా ఆమె ఆదివారము సాయంకాలము వంటయింటిలో పిల్లలకును పనివారికిని ప్రార్థన జరిపి, ఒక ప్రసంగము చదివి వినిపించుచుండెను. ఇరుగుపొరుగువారు చేరిచేరి, వారి సంఖ్య రెండువందలు దాటెను. సహాయ పాదిరి ఫిర్యాదు చేయగా, ఆమె భర్తకు వినయముగా గాని వెనుదీయక గాని వ్రాసి, ఆపివేయుమని స్పష్టమైన ఆజ్ఞ యిచ్చినయెడల మాత్రమే ఆపెదననెను. భర్త ఆపుమనలేదు.

1716 డిసెంబరు

1716 నాటికి ముగ్గురు కుమారులును లండనులో నుండిరి. పెద్దవాడైన శామ్యూల్ వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో ఉపాధ్యాయుడు. చార్లెస్ అచ్చటనే విద్యార్థి. పదమూడేండ్ల జాన్ చార్టర్‌హౌస్ పాఠశాలలో నుండెను. ఇంట తలిదండ్రులును, ఏడుగురు కుమార్తెలును, పనివారును మిగిలిరి.

డిసెంబరు 1వ తేదీన పనిమనిషి భోజనశాల తలుపు దగ్గర చావనైయున్న మనుష్యుని మూలుగువంటి ధ్వని విని భయపడెను. ఆ తరువాత మేడపైని గదులలో తట్టు శబ్దములు మొదలాయెను. మూడు, నాలుగు తట్లు, కొంత విరామము, మరల మూడు, నాలుగు. మెట్లమీద అడుగుల చప్పుడు, పట్టు వస్త్రము నేలను రాచుకొనినట్టి గరగర వినబడెను. పనివాడైన రాబర్ట్ బ్రౌన్ అటకమీద చేతి తిరుగలి దానంతటదియే తిరుగుట చూచితినని చెప్పెను. అందులో ధాన్యము లేకపోయెనే యని అతడు విచారపడెనట. పిల్లలు నిద్రలోనే చెమటలు పోసి వణకిరి.

సుసన్నా మొదట నమ్మలేదు. చిన్ననాటి ఆ పరీక్షించు స్వభావము ఆమెను వదలలేదు. ఎలుకలై యుండునని తలంచి, బూర తెప్పించి ఇల్లంతయు మ్రోగించెను. శబ్దము తగ్గుటకు మారుగా, అంతవరకు రాత్రులు మాత్రమే వినబడినది పగలును వినబడసాగెను. ఆమె గదిగదికి వెళ్లి వెదకెను. తాను పై గదిలోనున్న వేళ క్రిందను, క్రిందనున్న వేళ పైనను శబ్దము వినబడెను. తలుపుల వెనుక, మంచముల క్రింద ఎవరును దొరకలేదు. మనుష్యుల మోసము కాదని తన మనస్సుకు తోచువరకు ఆమె ఆ మాట నోట పలుకలేదు.

భర్తకు చెప్పుటకు ఆమె సంకోచించెను. ఆ దేశపు సామాన్య జనులలో, ఇంటి యజమానునికి వినబడని శబ్దము అతని మరణమునకు సూచన యను మూఢ నమ్మకముండెను. ఇంటివారందరు రెండు మూడు వారములు దాచిరి. అయితే దాచినకొలది భయము పెరుగుచుండుట చూచి, ఆమె తుదకు ఆయనకు చెప్పెను. ఆయన కోపగించి, ఇది ఆడపిల్లల అల్లరియో, వారికొరకు వచ్చు పడుచువాండ్ర పనియో అనెను; బుద్ధిమంతురాలైన భార్య కూడ ఇట్టివి నమ్ముట సిగ్గుచేటని మందలించెను. అటుపిమ్మట రాత్రి ఆయన మంచము ప్రక్కనే తొమ్మిది పెద్ద తట్లు వినబడెను.

తండ్రి చేసినది

పాదిరిగారు లేచి వెదకెను. పెద్ద కాపలా కుక్కను తెచ్చి యింట కట్టెను. మొదటి రాత్రి మొరిగిన ఆ కుక్క, తరువాత శబ్దము రాకముందే కుయ్యోమని యింటివారి వెనుకకు దూరుచుండెను. ఒక రాత్రి భార్యాభర్తలు చేయి చేయి పట్టుకొని మెట్లు దిగుచుండగా, సుసన్నా పాదములయొద్ద నాణెముల సంచి కుమ్మరించినట్లును, మెట్ల క్రిందనున్న సీసాలన్నియు పగిలినట్లును ధ్వని కలిగెను. దీపము తెచ్చి చూడగా ఒక్క సీసాయైనను కదలలేదు.

ప్రక్క గ్రామమైన హక్సీనుండి హూల్ అను పాదిరిగారిని పిలిపించిరి. ఆయనయు విని నివ్వెరపోయెను. వెస్లీగారు తుపాకి ఎత్తి శబ్దము వచ్చిన దిక్కునకు కాల్చబోగా, హూల్‌గారు ఆయన చేయి పట్టుకొని ఆపిరి. అది ఆత్మయైనయెడల తుపాకి దానికి తగులదు. మనుష్యుడైనయెడల హత్య జరుగును. భయపడినవాని చేతిలో ఆయుధముండరాదని ఆ రాత్రి ఆ స్నేహితుడు గ్రహించెను.

ఒక రాత్రి తండ్రి మరియొక తప్పు చేసెను. దూరముననున్న కుమారులకు కీడు మూడెనేమోయను భయము ఆ యింట అందరి మనస్సులను పీడించుచుండెను. ఆ దినములలో లండనునుండి ఉత్తరము వచ్చుటకు దినములు పట్టును. తల్లి హృదయము ఎట్లుండెనో ఊహింపవచ్చును. తండ్రి ఆ ఆవేదనలో, దీపము ఆర్పించి, పెద్ద కుమారుడు శామ్యూల్ ఆత్మవైనయెడల మూడు మార్లు తట్టుమని చీకటితో మాటలాడెను. జవాబు రాలేదు. ఆ రాత్రి అంతయు నిశ్శబ్దమే. కొన్నాళ్లకు కుమారుడు క్షేమముగా నున్నాడని ఉత్తరము వచ్చెను. యెషయా 8:19 ఎరిగిన కాపరియే, బిడ్డమీది భయము చేత చనిపోయినవారిని విచారించు త్రోవ అంచువరకు వెళ్లెను. భయమునకు అంత బలమున్నది.

అయితే ఆయనను గూర్చి గౌరవముతో చెప్పవలసినదియు ఉన్నది. ఆ శబ్దములకు ముందు కొన్ని ఆదివారములు ఆయన, సోదె చెప్పువారియొద్దకును మంత్రగాండ్రయొద్దకును పోవుచుండిన తన సంఘస్థులను గద్దించుచు ప్రసంగించుచుండెను. అందుకే ఎవరో చేతబడి చేసిరని ఎమిలీ తలంచెను. ఇంత శ్రమ కలిగినను ఆయన మంత్రగాని గడప త్రొక్కలేదు. తాను బలిపీఠమునుండి ఖండించిన దానిని తన యింటికి తెచ్చుకొనలేదు. ఇల్లు విడిచిపొమ్మని స్నేహితులు బ్రతిమాలగా, అపవాదియే తన యెదుటనుండి పారిపోవలెను గాని తాను వాని యెదుటనుండి పారిపోనని చెప్పి నిలిచిపోయెను.

ప్రార్థన గడియ

ఆ శబ్దమునకు ఒక వింత లక్షణముండెను. కుటుంబ ప్రార్థనలో జార్జి రాజు కొరకును యువరాజు కొరకును వేడుకొను సమయమున అది ఎక్కువగా మ్రోగెను. రాజు కొరకైన ప్రార్థన పదునాలుగేండ్ల క్రిందట ఆ దంపతులను విడదీసినదని పైని చెప్పబడెను. మానిన గాయమును ఎవరో వ్రేలితో తాకినట్లు అది వారికి తోచియుండవచ్చును. శబ్దము పోవునేమో చూతమని ఆ ప్రార్థనను వదలివేయుట సులభమే. పాదిరిగారు వదలలేదు. ఈ మారు భార్యాభర్తలు ఒకరినుండి ఒకరు విడిపోలేదు.

సుసన్నా చేసిన పని యింకను చిన్నది, ఇంకను లోతైనది. దినమునకు ఐదు గంటలు మొదలు ఆరు గంటలవరకు ఆమె ఏకాంత ప్రార్థనకు నియమించుకొనిన గడియ ఒకటి యుండెను. ఆ గంటలో తనకు అంతరాయము కలిగింపరాదని ఆమె గట్టిగా చెప్పెను. ఆ తరువాత ఆ గడియలో ఆమె గదిలో శబ్దము వినబడలేదని ఆ యింటివారు వ్రాసియుంచిరి. ఈ గంట దేవునిదని మాత్రము తేటపరచెను. శబ్దము మానకపోయినను ఆమె మోకాళ్లమీదనే యుండెడిదనుటలో సందేహము లేదు. అగ్నిలో ఇల్లు పోయినప్పుడును, భర్త చెరసాలలో నున్నప్పుడును విశ్వాసము విడువని తల్లి ఆమె.

తల్లి నెమ్మది పిల్లలకు అంటుకొనెను. మొదట వణకిన ఆ పిల్లలే కొద్ది వారములకు ఆ శబ్దమునకు ఓల్డ్ జెఫ్రీ, అనగా ముసలి జెఫ్రీ, అని పేరు పెట్టిరి. రాత్రి తొమ్మిదిముక్కాలు గంటలకు మంచము తలాపిని మెల్లని తట్టు వినగానే, జెఫ్రీ వచ్చుచున్నాడు, నిద్రపోవు వేళయైనదని చెప్పుకొని పండుకొనుచుండిరి. అందరికంటె చిన్నదైన కెజియా, పగలు మేడపైని శబ్దము వినగానే గదిగదికి దానిని తరుముకొనుచు ఆడుకొనెడిది. తల్లి మోకరించు గదినుండి ఆ ధైర్యము ఇల్లంతయు వ్యాపించెను.

1717 జనవరి నెల చివరకు ఆ శబ్దములు దాదాపుగా ఆగిపోయెను. ఎట్లు వచ్చెనో అట్లే పోయెను.

కారణము ఏమి?

లండనులోని పెద్ద కుమారుడు శామ్యూల్ ఈ వార్తను వెంటనే నమ్మలేదు. క్రొత్త పనివారు ఎవరైన చేరిరా, ఎలుకలు, పిల్లులు, కుక్కలు కావని ఎట్లు తెలిసెను, ఎవరెవరు వెదకిరి అని ప్రశ్నల మీద ప్రశ్నలు వ్రాసెను. తల్లి ఆ ప్రశ్నలకు కోపగింపలేదు. తాను చూచినది, వినినది, వెదకినది వరుసగా వ్రాసెను. చూడనివారిని ఒప్పించుట కష్టమని మాత్రము అంగీకరించెను. తరువాత జాన్ ఇంటివారి సాక్ష్యములను కూర్చి, 1784లో తన పత్రికలో ప్రకటించెను. తండ్రి పెట్టుకొనిన ఆ తొందరపాటు ఒట్టుకు శిక్షగా సాతాను దూత వచ్చెనని ఆయన అభిప్రాయము. 1791లో ఆ కుటుంబపు ఉత్తరములను అచ్చువేసిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ అను పండితుడు, ఇది పనివారు చేసిన మోసమై యుండునని తలంచెను. పాదిరిగారిని ద్వేషించిన గ్రామస్థుల పని యని కొందరు, కుమార్తెలలో ఒకతె చేసిన ఆటయని కొందరు అనిరి. మూడువందల యేండ్లు గడచినను ప్రశ్న ప్రశ్నగానే మిగిలెను.

ఒక్క సంగతి మాత్రము స్పష్టము. కారణము తెలిసిన తరువాతనే నెమ్మది పొందవలెనని సుసన్నా కనిపెట్టుకొని యుండినయెడల, ఆమెకు నెమ్మది ఎన్నటికిని దొరకకపోయెడిది. కారణము తెలియకయే ఆమె చదువు చెప్పెను, వంట చేయించెను, మోకరించెను.

తరువాతి జీవితము

శబ్దములు ఆగినవి గాని శ్రమలు ఆగలేదు. అప్పులు వెంటాడెను. కుమార్తెలలో కొందరి వివాహ జీవితములు కన్నీటితో గడచెను. ఆ దుఃఖములు ఏ తట్టు శబ్దముకంటెను తల్లి గుండెకు బరువైనవి. భర్త యోబు గ్రంథముమీద లాటిను భాషలో ఒక గొప్ప వ్యాఖ్యానమును అనేక సంవత్సరములు కష్టపడి వ్రాయుచు, 1735 ఏప్రిల్‌లో నిద్రించెను. ఆ సంవత్సరమే జాన్, చార్లెస్ అమెరికాలోని జార్జియాకు సేవకై వెళ్లగోరగా, విధవరాలైన తల్లి అడ్డుపడలేదు. తనకు ఇరువదిమంది కుమారులున్నను అట్టి పనికి సంతోషముగా పంపెదననెను.

చివరి సంవత్సరములలో ఆమె లండనులో జాన్ ఆరాధన స్థలముగా చేసిన ఫౌండరీ అను కట్టడములో నివసించెను. 1739లో, డెబ్బదియవ యేట, ప్రభు రాత్రి భోజనము తీసికొనుచుండగా తన పాపములు క్షమింపబడెనను నిశ్చయత ఆమెకు కలిగెను. జీవితమంతయు నమ్మకముగా ప్రార్థించిన ఆమెకు ఆ ఆనందము అంత ఆలస్యముగా దొరికెను. ఎప్‌వర్త్ యింటి చీకటిలో ఆమె నిలిచినది ఉప్పొంగు భావనలవలన కాదు, విధేయతవలన అని దీనిచేత తెలియుచున్నది. అభిషేకము పొందని థామస్ మాక్స్‌ఫీల్డ్ ప్రసంగించెనని జాన్ కోపగించినప్పుడు, ముందు అతని ఫలములను పరీక్షించి చూడుమని ఆమె హెచ్చరించెను. వినగానే తీర్పు తీర్చరాదను ఆ చిన్ననాటి బుద్ధి ముసలితనమునను చెడలేదు.

1742 జూలైలో ఆమె ప్రభునందు నిద్రించెను. తాను విడుదల పొందగానే స్తుతి కీర్తన పాడవలెనని ముందుగా బిడ్డలను కోరెను; వారు మంచము చుట్టు నిలిచి పాడిరి. బన్‌హిల్ ఫీల్డ్స్ సమాధుల తోటలో ఆమెను ఉంచిరి. ఆమె కుమారుల పరిచర్యనుండి లేచిన మెథడిస్టు సంఘము 1879లో సికింద్రాబాదులో తెలుగువారి మధ్య పని ప్రారంభించెను. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము ఆ పనికి సాక్ష్యము. ఎప్‌వర్త్ బంగళా నేటికిని నిలిచియున్నది. చూడవచ్చినవారికి ఆ అటకగదిని కూడ చూపుదురు.

మన గృహములకు

సుసన్నా జీవితమునుండి, కారణము తెలియని శబ్దమునకు భయపడు కుటుంబము నేర్చుకొనవలసినవి ఐదు.

మొదటిది, వెదకుము. దీపము తీసికొని అటక, పైకప్పు, కిటికీ, నీటి గొట్టము, కరెంటు తీగలు చూడుము. వడ్రంగిని, తాపీ మేస్త్రిని పిలిపింపుము. దేవుడిచ్చిన బుద్ధిని వాడుట అవిశ్వాసము కాదు. ఇంటిలో ఒక్కరికి మాత్రమే వినబడుచు, నిద్ర పట్టక శరీరము క్షీణించుచున్నయెడల వైద్యుని చూపించుట ఆలస్యము చేయరాదు. ఆ మనుష్యుని నిందింపరాదు.

రెండవది, దాచవద్దు, పెంచవద్దు. ఆ యింట దాచిన వారములలోనే భయము పెరిగెను. భార్య భర్తకును, భర్త భార్యకును, ఇద్దరును సంఘకాపరికిని ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. అయితే వీధి అరుగులమీద చెప్పుకొను కథగా దానిని చేయరాదు. ఆ కథ రాత్రి తిరిగివచ్చి పిల్లలను భయపెట్టును.

మూడవది, మంత్రగానియొద్దకును సోదెగత్తెయొద్దకును పోవద్దు. చనిపోయినవారితో మాటలాడ ప్రయత్నింపవద్దు. బిడ్డమీది ప్రేమయే ఆ త్రోవకు ఈడ్చవచ్చును, దైవసేవకునే ఈడ్చెను. ఆ శబ్దమునకు ఫలానా పొరుగువారు కారకులని వ్రేలు చూపుటయు పాపమే. చేతబడి నిందతో అమాయకుల ప్రాణములు పోయిన ఊళ్లు మన రాష్ట్రములలోనే యున్నవి.

నాలుగవది, ప్రార్థన గడియను మార్చవద్దు. భయము మొదట దొంగిలించునది ఆ గంటనే. కుటుంబ ప్రార్థన జరుగుచున్న యిల్లు క్రీస్తు ఏలుబడిలోనున్న యిల్లు. యాకోబు 4:7లోని వాగ్దానమునకు దేవునికి లోబడుటయే ముందు షరతు.

ఐదవది, జవాబు రాకున్నను నడువుము. అన్నిటికి కారణము చెప్పెదనని దేవుడు మాట యియ్యలేదు. తోడుగా నుందునని మాట యిచ్చెను.

మాయాబందర్ ప్రక్కను వెబి గ్రామమును కట్టుకొనిన ఆ కరెన్ కుటుంబముల పితరులు, బర్మా కొండలలో ప్రతి చెట్టునకును ప్రతి వాగునకును ఒక ఆత్మ కలదని భయపడి బ్రదికినవారు. సువార్త వారిని ఆ భయమునుండి విడిపించెను. అందుచేతనే వారి బిడ్డలు సముద్రము దాటి, ఎవరును ఎరుగని అడవిలో, చీకటిలో ఎన్నో ధ్వనులు వినబడుచుండగా ఇండ్లు కట్టుకొనగలిగిరి. ఇండ్లతోపాటు ఆరాధనను నిలుపుకొనిరి. గాలికి రేకులు నేడును ఆ దీవిలో కొట్టుకొనుచున్నవి. ఆ రాత్రి చప్పుడు నడుమ ఒక తల్లి దీపము వెలిగించి, పిల్లలను చేరబిలిచి, ఎప్పటి వేళకే మోకరించినయెడల, ఆ యింట సుసన్నా వెస్లీ విశ్వాసము ఇంకను జీవించుచున్నది.